ఒకే తాడి, రెండు కత్తులు

కిందటి భాగంలో గోల్కొండ రాజ్యపు కొలుముల్లో పుట్టిన ఉక్కు బందరు రేవు దాకా ఎలా వచ్చిందో, అక్కడ ఓడలెక్కి పారశీక దేశానికి ఎలా పోయిందో చెప్పుకున్నాం. ఆ ఉక్కు పరాయి దొరల నడుముకు ఖడ్గమైంది సరే, ఈ నేల మీద పుట్టిన మామూలు మనిషి నడుముకు దక్కిందేమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. మ్యూజియం అద్దాల వెనక వరసగా పెట్టినవన్నీ రాజుల కత్తులు, నవాబుల బాకులు. పామిడిముక్కల లాంటి ఊళ్ళో పొద్దున్నే ఇల్లు కదిలే మనిషి రొండిన దోపుకున్న జానెడు ఇనుముకు ఆ అద్దాల వెనక చోటు దొరకడం అరుదు. ఈ భాగం ఆ జానెడు ఇనుము గురించే. నా వాదన ఇది: రోజూ వెంట ఉండే చిన్న కత్తి యుద్ధాల చరిత్రకు చెందింది కాదు, పనుల చరిత్రకు చెందింది. ఏ పని కోసం నడుముకెక్కిందో, ఆ పని పోయాకే అది నడుము దిగింది. ఈ మాట రుజువు చేయడానికి కృష్ణా దిగువన ఒక్క చెట్టు చాలు. అది తాటిచెట్టు.

బెజవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద ఉయ్యూరు దాటితే పామిడిముక్కల మండలం వస్తుంది. పొరుగునే మొవ్వ, కూచిపూడి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఈ ప్రాంతం వరి దేశమైంది. నీళ్ళు రాకముందూ, వచ్చాకా, గట్ల మీద నిలబడి ఉన్నది తాడి. దాని ఆకు ఇంటికి కప్పయింది, అక్షరానికి పలకయింది. దాని గెల నుంచి కల్లు కారింది. ఆకు మీద రాసేవాడికి ఒక కత్తి కావాలి, గెల గీసేవాడికి మరో కత్తి కావాలి. మొదటిది ఊరి లెక్కలు రాసే కరణం చేతి గంటం, రెండోది గీత కార్మికుడి గీత కత్తి. ఊళ్ళో ఈ ఇద్దరూ ఒక అరుగు మీద పక్కపక్కన కూర్చునే రోజులు కావవి. అయినా ఇద్దరి బతుకూ ఒకే చెట్టు మీద, ఇద్దరి పనీ నడుమున ఉన్న ఇనుము మీద ఆధారపడింది. చరిత్రలో గంటానికి గౌరవం దక్కింది, గీత కత్తికి దక్కలేదు. ఆ తేడా మనుషుల మధ్యది.

ముందు గంటం సంగతి చూద్దాం. తాటాకు మీద రాయడమంటే ముందు ఆకును రాతకు లొంగదీయడం. లేత ఆకు కోసి, ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, అన్ని రేకులూ ఒకే కొలతకు వచ్చేలా అంచులు కత్తిరించి, తాడు దూర్చడానికి చిల్లు పొడవాలి. అక్షరం మొదలయ్యేసరికే కత్తి పని సగం అయిపోతుంది. ఆ తరవాత గంటం ఆకు మీద సిరా పూయదు, గీత చెక్కుతుంది. ఆ గీతలో మసి రుద్దితే అక్షరం కనబడుతుంది. మొన మొద్దుబారితే గీత పడదు, మరీ పదునైతే ఆకు చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి ఈ చీలిక భయమే కారణమని చాలామంది అంటారు. పండితులందరూ ఒప్పుకున్న మాట కాదు గనక దాన్ని ఇక్కడ సాక్ష్యంగా తీసుకోను. సాక్ష్యం వస్తువులోనే ఉంది. దక్షిణాదిలోనూ సింహళంలోనూ దొరికిన గంటాల్లో కొన్నిటికి ఒక కొసన రాసే మొన, రెండో కొసన ఆకు కోసే కత్తి ఉంటాయి. రెండూ పిడిలోకి మడతపడతాయి. తమిళంలో దీనికి మడక్కెళుత్తాణి అని పేరే ఉంది.

ఎందుకు మడవాలి? ఇంట్లో చాప మీద కూర్చుని కావ్యానికి నకలు రాసుకునే పండితుడికి ఆ అవసరం అంతగా లేదు. మడత కావలసింది తిరిగే మనిషికి. లెక్క రాసే మనిషి దగ్గరికి పొలం నడిచిరాదు, అతనే పొలానికి పోవాలి. కోతల నాడు కళ్ళం దగ్గర, సరిహద్దు తగవు నాడు గట్టు మీద, దండోరా నాడు చావడి దగ్గర కరణం ఉండి తీరాలి. మొనదేలిన ఇనుము అలాగే రొండిన దోపుకుంటే తొడకు గుచ్చుకుంటుంది. దాని విరుగుడే ఈ మడత. అంటే మనం ఇప్పుడు జేబుకత్తి అంటున్నదాని లక్షణాలు మూడూ, అంటే చిన్నదై ఉండడం, మడత పడడం, రోజూ వెంట ఉండడం, ఇక్కడ ఒక గుమాస్తా పనిలో నుంచే వచ్చాయి. ఇంగ్లీషువాళ్ళ భాషలోనూ చిన్న మడత కత్తి పేరు పెన్‌నైఫ్. బాతు ఈకను కలంగా చెక్కడానికి పుట్టిన కత్తి అది. పారశీక లేఖకుడి పెట్టెలోనూ రెల్లు కలం చెక్కే కత్తి తప్పనిసరి. ఒకరినొకరు చూసి నేర్చుకున్నారని చెప్పనక్కర్లేదు. రాత ఉన్న ప్రతిచోటా రాతకు చిన్న కత్తి అవసరపడింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంతమంది అంతకాలం మోసిన కత్తులైతే అవన్నీ ఏవి? పాత ఇళ్ళ అటకల మీద తాళపత్రాలు కట్టలుగా దొరుకుతున్నాయి గానీ గంటాలు ఆ లెక్కన దొరకడం లేదు కదా. నిజమే, కానీ ఆకు, ఇనుము ఒకలా ముసలివి కావు. ఉప్పుగాలి కొట్టే ఈ తీరంలో నూనె తుడవని ఇనుముకు ఆయువు తక్కువ. పైగా పనిముట్టు అన్నది నూరినకొద్దీ అరిగిపోతుంది, అరిగింది కమ్మరి కొలిమికి పోతుంది, కొలిమిలో ఇంకోటవుతుంది. రాజు ఖడ్గం వాడలేదు గనక మిగిలింది, కరణం కత్తి వాడారు గనక మిగల్లేదు. ఇక కత్తి లేకపోయినా దాని గుర్తు ఉంది. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనో, తంజావూరు సరస్వతీ మహల్‌లోనో తెలుగు తాళపత్రాల కట్ట ఒకటి పక్క నుంచి చూడండి. వందల రేకుల అంచులు ఒకే గీతలో నిలుస్తాయి. ఆ నున్నటి అంచు కత్తి పెట్టిన సంతకం. కాలిన్ మెకంజీ కూడబెట్టిన తాళపత్రాలూ, 1820ల్లో బందరులో కొలువు చేసిన సి.పి. బ్రౌను వెతికి తెచ్చి కాగితం మీదికి నకళ్ళు రాయించిన తాళపత్రాలూ ఇదే సాక్ష్యం చెబుతాయి. గంటం పోవడం మొదలైంది కూడా ఆ నకళ్ళ కాలంలోనే. కాగితం వచ్చింది, సిరా వచ్చింది, ఆ వెనకే అచ్చు వచ్చింది. 19వ శతాబ్దం ముగిసేసరికి గంటం పట్టిన చేతికి దానితో పెద్దగా పని లేకుండా పోయింది.

ఇప్పుడు రెండో కత్తి దగ్గరికి వద్దాం. దీనికి కావ్యాలు లేవు, భాండాగారాలు లేవు. కానీ పదును విషయంలో గంటం కంటే ఇదే కఠినమైన గురువు. కల్లు కారాలంటే గెల కొసను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పల్చటి పొరలా గీయాలి. పొర మందమైతే గెల తొందరగా అయిపోతుంది, కత్తి మొద్దయితే కండ నలిగి ధార ఆగిపోతుంది. ఏటా కొన్ని నెలల పాటు, రోజుకు రెండుసార్లు, పదుల అడుగుల ఎత్తున, మోకు మీద బరువు ఆనించి చేసే పని ఇది. చెట్టెక్కేటప్పుడు రెండు చేతులూ మానును పట్టుకుని ఉండాలి గనక కత్తి నడుమునే ఉండాలి, అదీ ఒంటికి తగలకుండా ఒరలో ఉండాలి. వెంట కత్తి ఉంచుకోవడం ఇతనికి అలంకారం కాదు, పంతం కాదు, చెట్టు పెట్టిన షరతు. అదే చెట్టు నుంచి వేసవిలో ముంజెకాయ దిగుతుంది. దాన్ని కన్ను చెదరకుండా చెక్కి చేతిలో పెట్టేదీ పదునైన కత్తే. కరణం గంటం మాయమై నూరేళ్ళు దాటినా ఈ కత్తి మాత్రం కృష్ణా జిల్లాలో ఇంకా నడుము దిగలేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో పని ఉంది.

ఇంకొందరు వేరే వైపు నుంచి వస్తారు. "చాకు మన మాట కాదు, పారశీకం మీదుగా వచ్చిన తురకమాట. కాబట్టి జేబుకత్తి మనది కాదు" అంటారు. మాట పరాయిదే. ఆ లెక్కన బందరు అన్న పేరూ పరాయిదే, పారశీకంలో రేవును బందర్ అంటారు. 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఈ రేవుకు పారశీకపు రేవులతో రోజువారీ బతుకంత దగ్గరి సంబంధం ఉండేది. ఓడలు, వర్తకులు, లేఖకులు, వాళ్ళ కలాలు, కలాలు చెక్కే కత్తులు అన్నీ అక్కడ దిగాయి. అదే దారిన ఇక్కడి ఉక్కు అటు పోయింది. 1660ల్లో గోల్కొండ రాజ్యం గుండా వెళ్ళిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు చేసే పని గురించి రాశాడు. 1820లో కోనసముద్రం కొలుముల దగ్గరికి పోయిన వైద్యుడు వాయ్‌సీకి అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చి ఉక్కు కొంటున్న వర్తకుడే ఎదురయ్యాడు. ఉక్కు మనది, మాట వాళ్ళది. రేవు ఊళ్ళో ఇచ్చిపుచ్చుకోవడం ఇలాగే ఉంటుంది. పైగా మాట వచ్చాక తెలుగువాడు దాన్ని ఏం చేసుకున్నాడో చూడాలి. కత్తి అన్న మాటతో మనం కత్తులు దూశాం, కత్తులు నూరాం, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నాం. చాకు అన్న మాటతో మాత్రం చురుకైన పిల్లవాణ్ణి మెచ్చుకున్నాం. "చాకులాంటి కుర్రాడు" అన్నప్పుడు ఎవరికీ నెత్తురు గుర్తుకు రాదు, పని గుర్తుకొస్తుంది. జాతి ఒక వస్తువును దేనికి వాడిందో చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైన సాక్షి దొరకదు.

ఉక్కు ప్రస్తావన వచ్చింది గనక ఇంకో ముచ్చట. దక్షిణాది ఉక్కును ఐరోపా శాస్త్రజ్ఞులు వూట్జ్ అన్నారు. మన ఉక్కు అన్న మాటే అలా మారిందని ఎక్కువమంది నమ్మకం. 1794లో బొంబాయి నుంచి లండన్ రాయల్ సొసైటీకి చేరిన ఆ ఉక్కును జార్జి పియర్సన్ పరీక్షించి, 1795లో వివరాలు అచ్చు వేశాడు. దాని సత్తా తేల్చడానికి సొసైటీ అధ్యక్షుడి కోరికపై స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఆ ముక్కతో ఒక వస్తువు సాగదీశాడు. అది ఖడ్గం కాదు, కలం చెక్కే పెన్‌నైఫ్. పదును మేలైన ఉక్కు కత్తికి తీసిపోలేదని తేలింది. ఖడ్గాలతో పేరు మోసిన ఉక్కును శాస్త్రం పరీక్షించదలచినప్పుడు గుమాస్తా కత్తినే చేయించింది. పదునును తూచే త్రాసు ఖడ్గం దగ్గర లేదు, చిన్న కత్తి దగ్గరే ఉంది.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం. తెల్లవాడు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి దేశాన్ని నిరాయుధం చేశాడు, మన నడుముల మీది కత్తి అప్పుడే పోయిందన్నది చాలామంది చెప్పే కథ. చట్టం వచ్చిన మాట నిజం, అవమానకరమైన మాటా నిజం. 1887లో మద్రాసులో కూడిన కాంగ్రెసు సభ దాన్ని సడలించాలని తీర్మానమే చేసింది. కానీ కారణం చట్టమే అయితే చిన్న కత్తులన్నీ ఒక్కసారే పోవాలి. అలా జరగలేదు. గంటం పోయింది, గీత కత్తి ఉంది. వక్కాకు సంచిలో అడకత్తెర 20వ శతాబ్దం సగం దాటేదాకా తిరిగి, వక్కపొడి పొట్లాలు వచ్చాక ఇంట్లో మూలకు చేరింది. ఇప్పుడు "అడకత్తెరలో పోకచెక్క" అన్న సామెతలోనే దాని కాపురం. ఈ మూడింటిలో దేన్నీ పోలీసు లాక్కోలేదు. దీనికి ఎదురు సాక్ష్యం కొడగులో ఉంది. అక్కడి కొడవ ప్రజలకు ఆయుధాల చట్టం నుంచి ఆనాటి నుంచి ఈనాటి దాకా మినహాయింపు ఉంది. అయినా వాళ్ళ పీచెకత్తి రోజువారీ నడుము దిగి, పెళ్ళి దుస్తుల మీది అలంకారంగా మిగిలింది. చట్టం అడ్డు లేని చోట కూడా పని లేని కత్తి నిలవలేదన్న మాట. మన ఇళ్ళలో చాకును చంపింది ఏ తెల్లదొర శాసనమూ కాదు, ఎక్కువ భాగం ఒక పల్చటి రేకు. 1903లో అమెరికాలో అమ్మకానికొచ్చిన జిలెట్ బ్లేడు తరవాత మన పల్లెకూ దిగింది. గడ్డం గీశాక మిగిలిన అర బ్లేడు పెన్సిలు చెక్కింది, దారం తెంపింది, గోరు తీసింది. పదును పోతే పారేయడమే. నూరుకోవలసిన కత్తికీ, నూరడం తెలిసిన చేతికీ అక్కడితో గిరాకీ తగ్గింది.

చట్టానికీ భయానికీ అసలు పాత్రే లేదంటే అది అతి అవుతుంది. జపానులో 1890ల్లో పుట్టిన హిగోనొకామి అనే మడత కత్తితో బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకునేవారు. 1960లో టోక్యోలో ఒక సోషలిస్టు నాయకుణ్ణి వేదిక మీదే కత్తితో పొడిచి చంపాక, పిల్లల చేతికి కత్తి వద్దన్న ఉద్యమం సాగింది. ఆ చిన్న కత్తి బళ్ళలో నుంచి పోయింది. హత్యకు వాడింది ఆ మడత కత్తి కాకపోయినా భయం దాని మీద పడింది. అయితే అక్కడా అదే కాలంలో పెన్సిలు చెక్కే షార్పెనర్ వచ్చి పడింది. పని మిగిలి ఉంటే కత్తి మళ్ళీ వచ్చేదేమో, పని మిగలలేదు. మన దగ్గర ఆ భయాన్ని పెంచింది సినిమా. రాంపూరు చాకు టప్‌మని తెరుచుకుంటే తెర మీద విలన్ వచ్చాడని అర్థం. తెర బయటా చిన్న కత్తితో ప్రాణాలు పోయాయి, దాన్ని కాదనలేం. కానీ మన గడ్డ మీదే నిజంగా నెత్తురు కోసం పుట్టిన చిన్న కత్తి ఒకటుంది, కోడికత్తి. అది ఎవరి రొండినా రోజూ ఉండదు. ఏడాదంతా పెట్టెలో పడుకుని, చట్టం నిషేధిస్తున్నా సంక్రాంతి మూడు రోజులు బయటికొస్తుంది. ఆయుధం అదను చూసుకుని వస్తుంది, పనిముట్టు రోజూ వెంట ఉంటుంది. నేటి చట్టమూ ఈ తేడాను చాలావరకు గుర్తించింది. 1959 ఆయుధాల చట్టం, దాని కింది నియమాలు 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న అలుగులనే లెక్కలోకి తీసుకుంటాయి, ఇంటిపనికీ సాగుకీ చేసినవాటిని మినహాయిస్తాయి. అలాగని చిన్న కత్తితో చేసిన గాయానికి శిక్ష తప్పదు, విమానంలో చేతిసంచిలో చోటూ దొరకదు. తీర్పు కత్తి పొడవు మీద కొంత, పట్టిన చేతి మీద ఎంతో ఆధారపడుతుంది.

మిగిలింది సేకరణ సంగతి. ఫ్రాన్సు ఓపినెల్, స్విట్జర్లాండు ఎర్రపిడి కత్తి తెప్పించుకుని జేబులో వేసుకునే అభిరుచి ఇప్పుడు మన కుర్రాళ్ళలోనూ ఉంది. తప్పేమీ లేదు. 1890లో సవాయి కొండల్లో ఓపినెల్ మొదలైంది కూడా రైతుల పనికత్తిగానే. దాన్ని అక్కడివాళ్ళు నిలబెట్టుకున్నది మ్యూజియంలో పెట్టి కాదు, వాడుతూ. మనకు ఆ అవకాశం సగమే మిగిలింది. గంటంతో మళ్ళీ లెక్కలు రాయలేం, దాన్ని దాచుకోవాలి. గీత కత్తి ఇంకా బతికే ఉంది, దాన్ని పాతవస్తువుగా చూడకూడదు, చేసిన కమ్మరినీ వాడే మనిషినీ చూడాలి. ఒకదాన్ని అద్దాల్లో పెట్టి, రెండోదాన్ని వదిలేస్తే మనం కరణం చరిత్ర మాత్రమే రాసినట్టవుతుంది, చెట్టు చరిత్ర రాసినట్టు కాదు. కత్తిని దాని పని నుంచి విడదీసి ధర కట్టడమే సేకరణ అనుకుంటే, ఆ సేకరణకూ పాత ఇనుము కొట్టుకూ తేడా త్రాసు కొలతలోనే.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. అప్పటికి గంటం చేతిలో లేదు గానీ, ఎక్కడో కొన్ని ఇళ్ళ అటకల మీద తాళపత్రాల కట్టల పక్కన పడి ఉంది. ఆ ఇళ్ళు ఇప్పుడు పడగొట్టి కొత్తవి కడుతున్నారు. ఉయ్యూరు, పామర్రు, మొవ్వ, అవనిగడ్డ వైపు ఇల్లు విప్పేవాళ్ళకు ఒక మనవి. తుప్పుపట్టిన మొన ఒకటి దొరికితే గరుకు కాగితంతో రుద్ది మెరిపించకండి, పొడిగుడ్డతో తుడిచి కాస్త నూనె రాయండి. ఎవరిది, ఏ ఊరు, దానితో ఏం చేసేవారు అన్న మూడు మాటలు ఒక చీటీ మీద రాసి దానికి కట్టండి. ఊళ్ళో గీత కత్తి పట్టిన పెద్దలుంటే వాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది కూడా రాయండి. పాత ఇనుము కింద తూకానికి వేస్తే గంటానికి వచ్చేది కొద్ది రూపాయలే.